సాఫ్ చేయమన్నది నేనే

ఈ ఉదయం బొత్తాం నొక్కగానే పాత కంప్యూటర్ లోపలి ఫ్యాను గరగరలాడి, వేడెక్కిన దుమ్ము వాసన గదినిండా పరచుకుంది. ఆ వాసనకు నాకు భూలక్ష్మి గుర్తుకు వస్తుంది. వెంటనే తల వంగిపోతుంది. ఆమె మంథని బస్టాండు ఎదుట జిరాక్సు దుకాణం నడుపుతూ కంప్యూటర్లు కూడా బాగుచేసేది. నేను పదవీ విరమణ చేసిన తెలుగు పంతులును. ప్రతి విషయాన్నీ తేదీ వేసి రిజిస్టరులో రాసుకోవడం నా అలవాటు. రాసుకోని వారిమీద కోపగించడం కూడా.

నా కంప్యూటర్ తెరుచుకోవడానికే పావుగంట పట్టే రోజుల్లో, విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేయిస్తే అది మళ్లీ పనికొస్తుందని విన్నాను. లినక్స్ అంటే ఒకటి కాదు, ఎన్నో రకాలు. కొత్తవారికి ఏది సులువో తేల్చడానికి పదకొండు రకాలతో గళ్ల పట్టిక గీసి, కంప్యూటర్‌తో సహా దుకాణానికి తీసుకెళ్లి, గర్వంగా ఆమె ముందు పెట్టాను. ఆమె ఆసాంతం చదివింది.

"పదకొండు రాసిండ్రు గని సార్, ఒక్కటన్న నడిపి సూసిండ్రా?"

"నడపాలంటే ముందుగాల ఎక్కియ్యాలె గద?"

"ఎక్కియ్యకుంటనే పెన్‌డ్రైవ్ మీద నడుస్తది. మిషన్ ముసలిది సార్. మనకు నచ్చుడు గాదు, దానికి నచ్చాలె."

మూడింటిని వరుసగా నడిపి చూపింది. నేను మొదటి స్థానమిచ్చిన దానితో మౌసు బాణం కూడా సరిగా కదలలేదు. పట్టికలో ఎనిమిదోదైన లినక్స్ మింట్, అందులోనూ తేలికపాటి రకం, మా ముసలిదానికి సరిపోయింది. మెనూ నాకు అలవాటైన మూలనే ఉంది.

"ఇగ పాతదంత సాఫ్ చేయమంటరా సార్?" అని అడిగింది. ఆ క్షణంలో ఆమె చేతిలో దుమ్ము దులిపే కుంచె ఉంది.

"చెయ్యి బిడ్డా, గది గూడ అడుగుడేంది?" అన్నాను.

మర్నాడు ఇంట్లో తెరిస్తే, ముసలివారి నోట విని ఏళ్లపాటు టైపు చేసుకున్న ఊరి సంగతులు ఒక్కటీ లేవు. దుకాణానికి వెళ్లి అందరి ముందు ఆమెను గద్దించాను. "సార్, జర నా మాట ఇనుండ్రి" అంటూనే ఉంది. నేను వినలేదు. అంశాలకు వరుస సంఖ్యలు వేసి ఫిర్యాదు రాసి, ఆమెకు ప్రశ్నపత్రాల టైపింగు ఇచ్చే బడులన్నింటికీ పంపాను. వారంలో ఆ పని ఆగిపోయింది.

తరువాత ఆమే మా గడప దాకా వచ్చి ఒక పెన్‌డ్రైవ్ అందించింది. "సాఫ్ చేసే ముందర ఎవలి ఫైళ్లయినా తీసి దాసి పెడుత సార్. గిదే చెప్పవోతే మీరు ఇనకపోతిరి."

ఆమె వెళ్లాక రిజిస్టరు తీశాను. నా చేతిరాతే: "పాతదంతా సాఫ్ చేయుటకు అనుమతి ఇచ్చితిని." ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, అది దుమ్ము గురించే అనుకున్నాను.

క్షమాపణ రాయడానికి మూడు వారాలు పట్టింది. వాక్యాలు దిద్దుతూ కూర్చున్నాను. అప్పటికి ఆమె దుకాణం మూసివేసి, పెద్దపల్లిలో మరొకరి దగ్గర పనికి కుదిరింది. తప్పు ఒప్పుకుంటూ బడులకు లేఖలు పంపి, పెద్దపల్లి బస్సెక్కాను. ఆమె ఎదుట నిలబడి కాగితం విప్పి చదవబోయాను.

"కాయితం జేబుల పెట్టుండ్రి సార్. నోటితోని చెప్పుండ్రి."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. చివరికి "తప్పు నాది బిడ్డా" అన్నాను. "సరే సార్" అని ఆమె తిరిగి పనిలోకి వంగింది. కూర్చోమనలేదు.

ఇప్పుడు ఎవరిమీద ఆగ్రహం వచ్చినా, వారు చెప్పబోయిన మాట ఏమిటో వెళ్లి విన్నాకే కలం మూత తీస్తాను. పెద్దపల్లిలో అన్న ఆ మూడు మాటలను మాత్రం ఏ రిజిస్టరులోనూ రాయలేదు. రాస్తే దిద్దుతానేమోనని భయం.