ఓణీల ఫ్లెక్సీ

పాలకొల్లులో ఫ్లెక్సీలు డిజైన్ చేసే సారిక, ఫొటో తెచ్చిన ప్రతివారినీ "రంగు ఉన్నదున్నట్టు ఉంచమంటారా, తెల్లగా చెయ్యమంటారా అండీ?" అని అడుగుతుంది. అందరూ తెల్లగానే చెయ్యమంటారు. జడకొస నములుతూ, మౌస్ తిప్పుతూ ఊళ్ళో మొహాలన్నీ నునుపు చేస్తుంది. ఏటా పుట్టినరోజుకి మాత్రం తన బొమ్మ తానే చేసుకుని షాపు ముందు కడుతుంది. అందులో గడ్డం గీసుకున్న పచ్చదనాన్ని కూడా చెరపదు. మగపిల్లాడిగా పెరిగిన తనకి జరగని ముచ్చట్లన్నీ ఆ బొమ్మల్లో జరిపించుకుంటుంది. ఈసారి, ముప్పై నాలుగో ఏట, ఓణీల ఫంక్షన్. పసుపు పరికిణీ, ఎర్ర ఓణీ, కింద వరసలో శుభాకాంక్షలు చెబుతూ టీకొట్టు బేబి గారూ, ఇంకో నలుగురూ.

కట్టిన మర్నాడే మేనమామ సూర్యనారాయణమూర్తి షాపు ముందు సైకిలు దిగాడు. సారిక చీర కట్టిన రోజు నుంచీ, తొమ్మిదేళ్ళుగా, ఆయన మాట్లాడలేదు. ఫ్లెక్సీ చింపేస్తాడేమోనని సారిక ముందుగా కత్తెర దాచేసింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని కింద వరసంతా రెండుసార్లు చూశాడు.

"ఓణీ పెట్టాల్సిన మేనమామని నేను బతికుండగా, నా ఫొటో లేకుండా ఓణీల ఫ్లెక్సీ ఏంటమ్మాయ్?"

సారిక కెమెరా అందుకుంది. ఆయనే కుర్చీ లాక్కుని కూర్చుని, తల దువ్వుకుని, కెమెరా వంక చూశాడు.

"తెల్లగా చెయ్యకు. నన్ను కూడా ఉన్నదున్నట్టే ఉంచు."