నేను చదవకుండా వదిలేసిన మూడు వాక్యాలు

మా ఇంటి ఓనరమ్మ పోయింది. పొద్దున్నే కబురు పైకి తెచ్చింది ఆమె భర్తే. సగం మెట్ల మీద నిలబడి, "పంతులమ్మా, అయిపోయింది" అన్నాడు. కిందికి దిగి, నడుస్తున్న బోరు మోటారు కట్టేశాడు. పోయాక కూడా ఈవిడ నీళ్ళు వదలదు అనుకున్నాను. ఇలాంటి సమయంలో ఇలాంటివి రాయకూడదంటారు. కానీ మంచిమాటలు మాత్రమే రాస్తే అది ఇంకెవరి గురించో అవుతుంది.

ఆమెది శంషాబాద్ పక్కన సాతంరాయి. పొలం ఎయిర్‌పోర్టు కింద పోయాక మేడ కట్టుకుని, పై వాటా మాకు కిరాయికిచ్చింది. మేమంటే నేనూ, కూతురూ, అల్లుడూ, మనవరాలూ. నేను కృష్ణా జిల్లాలో ముప్ఫై ఏళ్ళు సామాన్యశాస్త్రం చెప్పి రిటైరయిన దాన్ని. దిగిన రోజే ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "రోజూ తలకు పోసుకుంటరా?"

"వారానికి రెండుసార్లండీ. మీకు కబురు చేసి మరీ పోసుకుంటాం."

"జెర ముందుగల్లనే చెయ్యిన్రి."

మా స్నేహం అలా మొదలైంది. నెత్తిమీద విమానం దిగినప్పుడల్లా, "చెప్పులు ఇడిసి దిగుమనుండ్రి, అది నా జొన్నచేను" అనేది. ఒకసారి నాకు జ్వరమొస్తే జొన్నరొట్టెలు తెచ్చి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. కళ్ళు చెమర్చి కృతజ్ఞతలు చెప్పబోయాను. "నువ్వు సస్తే ఇల్లంత కడగాలె, ఎన్ని నీళ్ళు గావాలె?" అంది.

ఎయిర్‌పోర్టు తెరిచిన మూడేళ్ళకు మా వీధి మహిళా సంఘానికి ఒక నర్సు వచ్చింది. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ వచ్చే లక్షణాలుంటే ముందే తెలిసే పరీక్ష, ముప్ఫై దాటినవాళ్ళందరూ రండి, అయిదు నిమిషాల పని అని చెప్పింది. ఎలా తయారై రావాలో ఇంగ్లీషులో ఒక కాగితం ఇచ్చి, తెలుగులో చదివి చెప్పమని నాకు అప్పగించింది. చదువుకున్న దాన్ని కదా.

ఆదివారం డాబా మీద పద్నాలుగు మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. నెలసరి రోజుల్లో రావద్దని చదివాను. వదులుగా ఉండే బట్టలు కట్టుకోమని చదివాను. తర్వాత మూడు వాక్యాలున్నాయి. పరీక్షకు ముందు రెండు రోజులు లోపల దేనితోనూ కడుక్కోకూడదు. లోపల మందులేవీ పెట్టుకోకూడదు. భర్తతో కలవకూడదు.

అవతల ఓనరమ్మ భర్త ట్యాంకు కడుగుతున్నాడు. అదొక సాకు. అసలు సంగతి, ముప్ఫై ఏళ్ళూ పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పుస్తకం మూసిన దాన్ని నేను. ఆ రోజూ కాగితం మడిచి, "మిగతాది మామూలే. శుభ్రంగా రండి" అన్నాను.

నా మాట అంత శ్రద్ధగా విన్న విద్యార్థి నాకు జన్మలో దొరకలేదు. ఓనరమ్మ మూడు రోజులు డెట్టాలు నీళ్ళతో లోపలా బయటా, ఇత్తడి బిందె తోమినట్టు కడుక్కుంది. ఆ సంగతి పరీక్షకు వెళ్తుండగా ఆటోలో ఆమే గొప్పగా చెప్పింది. "డాక్టరమ్మ ముందట ఇజ్జత్ పోవద్దు గద పంతులమ్మా!" అప్పుడైనా ఆటో ఆపించవచ్చు. డ్రైవరు మగవాడు. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

లోపల నర్సు అడిగిందట, "ఏమైనా వాడారా?" అని. "ఏం లే" అందట.

రెండు వారాలకు చీటీలొచ్చాయి. ఆమెకూ మరో ముగ్గురికీ, లోపలి నుంచి తీసిన కణాల నమూనా పనికిరాలేదు, మళ్ళీ రావాలని. ఆ ముగ్గురూ వెళ్ళారు. ఈమె వెళ్ళలేదు. "ఒక్కపారి సిగ్గు ఇడిసిన. రెండోపారి ఏడికెల్లి తేవాలె?" అంది. వెళ్ళమని గట్టిగా చెప్పాలంటే ఎందుకు పనికిరాలేదో చెప్పాలి. "సరే, మీ ఇష్టం" అన్నాను. నా నమూనా బాగానే ఉందని వచ్చింది. ఆ మూడు వాక్యాలూ చదివింది నేనొక్కదాన్నే కదా.

రెండేళ్ళు తిరిగాయి. ముట్టుడిగి ఎంతో కాలమైన మనిషికి మళ్ళీ రక్తం కనబడింది. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి పెద్ద దవాఖానలో డాక్టరు ఆలస్యమైందన్నాడు. "రెండేళ్ళ క్రితం తెలిసి ఉంటే?" అని అడిగాను. అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

రేడియేషన్ కరెంటు పెట్టించడాలన్నీ అయ్యాక, ఇక లాభం లేదని ఇంటికి పంపేశారు. వరండాలో మంచం మీద పడుకుని ఉండగా, నా మోకాళ్ళ వైపు చూసుకుంటూ అంతా చెప్పాను.

"గా కాయితం ఉన్నదా?"

"ఉంది."

"తే."

నేను తెచ్చేలోగా భర్తను పంపి అందరినీ పిలిపించింది. మహేశ్వరంలో ఇచ్చిన కూతురు అప్పటికే వచ్చి ఉంది. ఇద్దరు ఆడబిడ్డలు, వాళ్ళ మొగుళ్ళు, చూడటానికొచ్చిన చుట్టాలు, వరండా నిండిపోయింది.

"సదువు."

"మగవాళ్ళున్నారు."

"ఉండనీ. నేను సస్తుంటె చూస్తనే ఉన్నరు గద, ఇది ఇంటె ఏమైతది?"

చదివాను. కాగితానికి మాత్రమే వినబడేలా.

"జెర గట్టిగ. మొగుడు పోయి పదేండ్లాయె, నీకేం సిగ్గు?"

మూడు వాక్యాలూ మూడుసార్లు చదివించింది. పెద్ద ఆడబిడ్డ మొగుడు చెప్పులు వెతుక్కోబోతే, "కూసో అన్నా, నీ ఇంట్ల ఆడోళ్ళు లేరా?" అని కూర్చోబెట్టింది. తర్వాత కూతురితో, "ఇన్నవా? పంతులమ్మ నిన్ను తోల్కపోతది. కడుక్కోకుండ పో" అంది.

అందరూ లేచాక, నన్ను మాఫ్ చేశారా అని అడిగాను.

"గా ముచ్చట కాయితంల లేదు" అని గోడవైపు తిరిగింది.

మరో ఇరవై రోజులు బతికింది. రోజూ కిందికి వెళ్ళి కూర్చునేదాన్ని. వెళ్ళిపొమ్మనలేదు. కూర్చోమనీ అనలేదు. ఈ మేలుకే ఆమెకు రుణపడి ఉన్నాను. "పోనీలే పంతులమ్మా, నా రాత" అని ఉంటే నేను కాసిని కన్నీళ్ళు పెట్టుకుని, కాగితం మళ్ళీ మడిచేసేదాన్ని. మీలో ఎవరైనా ఇలాంటి కాగితం చదివి చెప్పాల్సివస్తే చివరిదాకా చదవండి. మీ సిగ్గు ఖరీదు ఇంకొకరి చేత కట్టించకండి.

దినాలయ్యాక ఆమె కూతుర్ని నేనే తీసుకెళ్ళాను. ఆ పిల్ల దారిలో నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. నేను కల్పించుకోకుండానే, నర్సు అడిగిన ప్రతిదానికీ గదిలో అందరికీ వినబడేలా జవాబు చెప్పి, లోపలికి వెళ్ళింది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. అక్కడి ఆకుపచ్చ తెర నేలదాకా లేదు. దాని కింద ఆమె పాదాలు రెండూ కనబడుతున్నాయి. వేళ్ళు నేలను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. కాసేపటికి ఒక పాదం నేల విడిచి పైన పరీక్ష మంచం మీదికి వెళ్ళింది. తర్వాత రెండోది.