తెరవని పెట్టెలో మూడు ఆహ్వానాలు

గద్వాల బస్టాండుకు ఎదురు సందులో ఇంటర్నెట్ సెంటర్ నడిపిన, అందరూ పోస్ట్ సార్ అని పిలిచే పెద్దాయన పోయిన గురువారం ఉదయం ఇంట్లోనే చనిపోయారు. స్నానానికి నీళ్లు తోడుకుని, బకెట్ పక్కన పెట్టి, కాసేపని కుర్చీలో కూర్చున్నారు. మళ్లీ లేవలేదు. డెబ్బై ఒక్క ఏళ్లు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు.

ఆ వార్త రాసింది నేనే. జిల్లా పేజీలో నాలుగు లైన్లు, 'విశ్రాంత పోస్టుమాస్టర్ మృతి' అని శీర్షిక. మర్నాడు ఆయన భార్య ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు. "మా ఆయన ఎన్నడు పోస్టుమాస్టర్ కాలె నాయినా. ఉత్తరాలు ఊర్లవారీగ వేరుజేసే పని ఆయనది. ఉన్నదున్నట్టు రాసే మనిషివని నీ గురించి చెప్తుండె. జర సరిగ రాయి" అంది.

ముప్పై ఏళ్లుగా విలేకరిగా పనిచేస్తున్నాను. తప్పు పడితే సవరణ వేయడం అలవాటే. ఈసారి సవరణ నాలుగు లైన్లలో సరిపోదు.

ఆయన ఉద్యోగమంతా వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల మధ్యనే తిరిగింది. సంచి విప్పడం, ఉత్తరాలు బల్ల మీద పోయడం, ఒక్కొక్కటి చూసి గోడకున్న చెక్క గూళ్లలో వేయడం. రిటైరయ్యాక రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్‌తో సెంటర్ పెట్టారు. హాల్‌టికెట్లు తీసేవారు, దరఖాస్తులు నింపేవారు. ఆ పని మరో పది సెంటర్లలోనూ దొరుకుతుంది. ఆయన దగ్గరికే జనం వెతుక్కుంటూ వచ్చింది వేరే పని కోసం. అందని ఆహ్వానాల కోసం.

ఇప్పుడు ఇంటర్వ్యూలైనా శిక్షణ అయినా, ఎక్కువ భాగం ఫోన్ తెర మీదే జరుగుతున్నాయి. పిలిచేవాళ్లు మెయిల్‌కు క్యాలెండర్ ఆహ్వానం పంపుతారు. 'వస్తాను' అని నొక్కితే అది మన ఫోన్‌లోని క్యాలెండర్‌లో కూర్చుని, ఆ సమయానికి మోగుతుంది. సమావేశంలోకి వెళ్లే దారి, అంటే లింకు కూడా అందులోనే ఉంటుంది. పంపేవాళ్లది ఒక మెయిల్ సర్వీసు, అందుకునేవాళ్లది ఇంకొకటి అయితే అప్పుడప్పుడు అది చేరదు. పంపినవాళ్ల తెర మీద 'పంపబడింది' అని ఉంటుంది. ఇటువైపు ఏమీ ఉండదు. ఇద్దరూ నిజమే చెబుతారు. ఒకరికొకరు అబద్ధాలకోరుల్లా కనబడతారు.

నేను ఆయన్ని కలిసింది అలాంటి గొడవతోనే. మా డెస్కు వారానికోసారి పెట్టే సమావేశానికి నాకు పిలుపు రావడం మానేసింది. "గద్వాల్ల సిగ్నల్ లేదని మల్ల చెప్పకు అన్నా" అని డెస్కు ఇన్‌ఛార్జి అందరి ముందూ ఎగతాళి చేశాడు. పోస్ట్ సార్ నా ఫోన్ చేతిలోకి తీసుకోలేదు. ముందు ప్రశ్నలు వేశారు. పాత మెయిల్ ఏమైనా ఉందా? ఉంది. దానికి వచ్చేవి కొత్తదానికి వచ్చేలా పెట్టుకున్నారా? పెట్టుకున్నాను.

"గదే మరి. ఇల్లు మారినవు, పాతింటికి వచ్చే ఉత్తరాలు కొత్తింటికి పంపుమన్నవు. ఉత్తరాలు వస్తున్నయి. ఆహ్వానం మీద మాత్రం పాతింటి పేరే ఉంది. కొత్తింటి క్యాలెండర్ దాన్ని చూసి, గీ పేరుగలాయన మా ఇంట్ల లేడని పక్కకు పెడుతుంది. దాని తప్పేముంది సారూ?"

డెస్కుకు కొత్త చిరునామా ఇచ్చాను. వారం తిరగక ముందే పిలుపు వచ్చింది. తప్పు ఎవరిదని ఆయన ఎప్పుడూ అడగలేదు. ఎక్కడ ఆగింది అని మాత్రమే అడిగేవారు. "ఉత్తరం మాయం గాదు. యాడనో ఒకతాన ఆగుతది. ఆగిన తావు దొరికితే సగం అందినట్టే" అనేవారు. ఆయన బల్ల మీద ఒక పొడుగు నోట్‌బుక్ ఉండేది. పంపినవారు, అందుకోవాల్సినవారు, ఆగిన తావు. నాలుగో గడి ఖాళీగా ఉంచేవారు. పని అయ్యాక అందులో ఎర్ర సిరాతో 'అందినది' అని రాసేవారు. ఆ మాట రాసేదాకా టీ తాగేవారు కాదు. సందు మూలన టీకొట్టాయన ఆ సంగతి తెలిసి, ముందు తలుపులోంచి తొంగి చూసి, "అందిందా సార్? పొయ్యి మీద పెట్టనా?" అని అడిగేవాడు.

ధరూర్ రైతుల సంఘానిది ఇంకో కథ. వేరుశనగ విత్తనాల మీద శిక్షణకు పిలుపు ఒక్కరికీ రాలేదు. ఆయన షేర్ ఆటోలో వెళ్లి, గోదాములో అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరి ఫోన్‌లో చెత్త మెయిల్ పెట్టె తెరిపించారు. అన్నీ అందులోనే ఉన్నాయి. "ఇది చెత్త గాదు" అని అందరి చేతా నొక్కించారు. పంపేవాళ్ల చిరునామాను ఫోన్‌లో దాచిపెట్టించారు. "తెలిసినోళ్లను గుర్తుపట్టుమని ఫోన్‌కు మనమే చెప్పాలె. దానికెట్ల తెలుస్తది?" అన్నారు. ఒక ముసలి రైతు, "మా అల్లుణ్ని గూడ అండ్లనే ఎయ్యొచ్చా సారూ?" అని అడిగితే, ఆయన సీరియస్‌గానే, "ఎయ్యొచ్చు. గని నెలకోసారి తెరిచి చూస్తుండాలె" అన్నారు.

అవి సులువైనవి. ఆయన పనితనం నేను కళ్లారా చూసింది వీపనగండ్ల అమ్మాయి విషయంలో.

తల్లిదండ్రులు కూలికి పోయే కుటుంబం. తండ్రి పుణెలో ఇళ్లు కట్టే పనిలో ఉన్నాడు. అమ్మాయి నర్సింగ్ పూర్తి చేసి, హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆస్పత్రిలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. ఒకరోజు ఉదయం పది గంటలకు సెంటర్‌కు వచ్చింది. నేను ఏదో జిరాక్స్ కోసం అక్కడే ఉన్నాను.

"సార్, ఇంటర్వ్యూకు రెండుసార్లు పిలిచినమంటున్నరు. రెండుసార్లు రాలేదని రాసుకున్నరు. నాకు ఒక్కటి గూడ అందలే. మూడోది రేపు పదకొండింటికట. అది గూడ పంపినమంటున్నరు. రేపు గూడ పోకుంటే పేరు కొట్టేస్తరట."

"కూసో బిడ్డా. పరేషాన్ గాకు. అడిగినదానికి చెప్పు."

ఆయన ముందు ఆస్పత్రిలో పిలుపులు పంపే మేడమ్‌కు ఫోన్ చేశారు. వేరే చిరునామాకు పంపమని అడిగితే, దరఖాస్తులో ఇచ్చినదాన్ని ఇప్పుడు మార్చడం కుదరదంది. ఇంటర్వ్యూలోకి వెళ్లే దారి విడిగా పంపమంటే, అది ఆహ్వానంలో తప్ప తన దగ్గర ఉండదంది. "సరేనమ్మా. ఒక ఉపకారం చెయ్యి. ఆహ్వానం గాకుండ ఉత్త మెయిల్ ఒకటి పంపు" అన్నారు. పంపింది. అరనిమిషంలో అమ్మాయి ఫోన్‌కు వచ్చింది.

ఆ తర్వాత తన మెయిల్ నుంచి ఒక ఆహ్వానం పంపారు. వచ్చింది. నా మెయిల్ నుంచి పంపమన్నారు. అదీ వచ్చింది. చెత్త పెట్టె చూశారు, లేదు. నోట్‌బుక్‌లో మూడు గీతలు గీసి, పెన్ను పక్కన పెట్టి కూర్చున్నారు. ఆస్పత్రి నుంచి ఉత్త మెయిల్ వస్తోంది, ఆహ్వానం రావడం లేదు. మిగతా చోట్ల నుంచి ఆహ్వానమూ వస్తోంది.

చాలాసేపటికి ఆయన అమ్మాయిని ఒక్క ప్రశ్న అడిగారు. "ఈ ఫోన్ కంటే ముందు ఏ ఫోన్ ఉండె?"

ఇంటర్ అయినప్పుడు వాళ్ల నాన్న వనపర్తిలో కొనిచ్చిన ఫోన్. రెండేళ్లకే పగిలిపోయింది. ఆ ఫోన్ ఏ కంపెనీ సర్వీసుతో నడిచేదో, ఆస్పత్రి వాడే క్యాలెండర్ కూడా ఆ సర్వీసుదే; అమ్మాయి మెయిల్ మాత్రం వేరే కంపెనీది. ఆయన తన కంప్యూటర్‌లో ఆ కంపెనీ పేజీ తెరిచి, అమ్మాయి మెయిల్ చిరునామా కొట్టారు. పాస్‌వర్డ్ ఏమిటని అడిగింది. అంటే ఆ పేరుతో అక్కడ ఖాతా ఉంది.

"నేనెన్నడు తెరవలే సార్."

"నువ్వు తెరవలే. షాపాయన తెరిచిండు. ఫోన్ నడవాలంటే ఖాతా గావాలె గద. నీ మెయిలే పెట్టి తెరిచి ఇచ్చిండు." అప్పుడు నా వైపు తిరిగారు. "చూసినవా సారూ, ఆ సర్వీసు ఈ బిడ్డను బయటి మనిషి అనుకుంటలేదు. ఇంటి మనిషి అనుకుంటుంది. ఇంట్లోళ్లకు ఉత్తరం పోస్టుల ఏస్తమా? చేతికే ఇస్తం. అది గట్లనే ఇస్తుంది. మెయిల్‌కు పంపకుండ సీదా ఆ ఖాతాలున్న క్యాలెండర్‌ల పెడుతుంది."

వెనకటికి గద్వాల పోస్టాఫీసులో ఒక వ్యాపారి సొంతానికి పోస్టు పెట్టె అద్దెకు తీసుకుని, ఆ సంగతే మరిచిపోయాడట. అతని ఉత్తరాలన్నీ నియమం ప్రకారం ఆ పెట్టెలోకే పోయేవి. అతనేమో తపాలావాళ్లు తింటున్నారని ఊరంతా తిట్టేవాడు. "ఆ పెట్టెల ఉత్తరాలు ఏసింది నేనే" అన్నారు పోస్ట్ సార్. "అందుకే గుర్తొచ్చింది."

ఇక కావాల్సింది తాళంచెవి. మా వైపు ఫోన్ షాపుల వాళ్లకు ఒక అలవాటుంది. ఖాతా తెరిచి ఇచ్చేటప్పుడు పాస్‌వర్డ్‌ను ఫోన్ డబ్బా అడుగున పెన్నుతో రాస్తారు. ఫోన్ పోయినా డబ్బా ఇంట్లో ఉంటుంది. అట్ట గట్టిది కదా, ఎవరూ పారేయరు. అమ్మాయి తల్లికి ఫోన్ చేసింది. డబ్బా ఉంది. అందులో జాబ్‌కార్డు, టీకాల చీటీలు, సూదులు పెట్టుకుందట.

"దాని అడుగున రాసింది పక్కింటామెతోటి చదివించి చెప్పవే" అంది అమ్మాయి.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. తల్లి మాట మా అందరికీ వినబడింది. "చదివియ్య. ఎవ్వలకు చెప్పొద్దని షాపాయన మరీమరీ చెప్పిండు. నేనే తెస్త."

"అమ్మా, టైమ్ లేదే."

"పత్తి ఏరుడు సగంల ఇడిశిపెట్టి వస్తున్న. ఇంకేం గావాలె నీకు?"

అమ్మాయి తల పట్టుకుంది. పోస్ట్ సార్ మాత్రం, "రానీ. రిజిస్టర్ ఉత్తరం చేతిలనే పడాలె" అన్నారు.

ఆమె పెబ్బేరులో బస్సు మారి, సాయంత్రం నాలుగు దాటాక వచ్చింది. డబ్బాను తువ్వాలలో మూటకట్టి, ఒడిలో పెట్టుకుని తెచ్చింది. పోస్ట్ సార్ అందులోని కాగితాలు ఒక్కొక్కటీ తీసి వరసగా బల్ల మీద పెట్టారు. డబ్బా తిరగేశారు. నీలం పెన్ను. కొన్ని అక్షరాలు, నాలుగు అంకెలు. చెదరలేదు.

పాస్‌వర్డ్ కొట్టారు. తీసుకుంది. కానీ తెర మీద ఇంకో అడ్డం వచ్చింది. ఖాతాకు ఇచ్చిన పాత నంబర్‌కు ఒక కోడ్ పంపానని, అది చెప్పమని అంది. అమ్మాయి ఆ నంబర్ చివరి అంకెలు చూసింది. "ఆ సిమ్ నా దగ్గర లేదు సార్" అంది.

అప్పుడే తల్లి కొంగు ముడిలో ఏదో మోగింది.

ఆమె బటన్ల ఫోన్ తీసి చూసింది. "ఏందో వచ్చింది సారూ. నాకు చదవనీకి రాదు" అంటూ ఆయన చేతికిచ్చింది. ఫోన్ పగిలినప్పుడు అందులోని సిమ్ ఎందుకు పారేయడమని ఆమె తన ఫోన్‌లో రెండో సిమ్‌గా వేయించుకుంది, ఆ సంగతి కూతురికి చెప్పనేలేదు. డబ్బా మీది రాత ఫోన్‌లో చదివి వినిపించి ఉంటే, ఆమె పత్తి చేనులో ఉండగా ఆ కోడ్ మోగేది. అది ఏమిటో ఎవరికీ తెలిసేది కాదు.

క్యాలెండర్ తెరుచుకుంది. రెండు ఆహ్వానాలు తేదీ దాటిపోయి మసకగా ఉన్నాయి. మూడోది మరుసటి రోజు పదకొండు గంటలది. దాని కింద 'వస్తాను' అన్న గుర్తు నొక్కడానికి సిద్ధంగా ఉంది. అమ్మాయి చెయ్యి చాపింది. పోస్ట్ సార్ ఆపారు.

"ఆగు బిడ్డా. తెచ్చినామె నొక్కాలె. అవ్వా, గిక్కడ ఒత్తు."

ఆమె చీరకు వేలు తుడుచుకుని నొక్కింది. రెండు నిమిషాల్లో ఆస్పత్రి మేడమ్ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. "వస్తున్నట్టు ఇప్పుడు చూపిస్తోందండీ. ఇన్నాళ్లూ ఎక్కడుంది?" "మీ ఇంట్లనే ఉండెనమ్మా" అన్నారాయన.

మరుసటి రోజు ఇంటర్వ్యూ ఆ సెంటర్ లోపలి గదిలోనే జరిగింది. శబ్దం అవుతుందని ఆయన జిరాక్స్ మిషన్ ఆపేశారు. తల్లి గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్లనల్లా నోటి మీద వేలు పెట్టి మెట్ల మీదే కూర్చోబెట్టింది. నలభై నిమిషాలు ఆ సందులో గట్టిగా మాట్లాడినవాళ్లు లేరు. అమ్మాయి తలుపు తీసి, "రేపటినుంచే కాయితాలు తయారు జేసుకొమ్మన్నరు" అనగానే, మెట్ల మీద ఉన్నవాళ్లు, ఆమె ఎవరో కూడా తెలియనివాళ్లు, చప్పట్లు కొట్టారు. పోస్ట్ సార్ నోట్‌బుక్ తెరిచి, మూడో గడిలో 'తన సొంత పెట్టె' అని, నాలుగో గడిలో 'అందినది' అని రాశారు. అప్పుడు టీ చెప్పారు. అందరికీ.

ఆయన అంతటితో వదల్లేదు. ఇకమీదట పిలుపులు మెయిల్‌కే వచ్చేలా ఆ పాత ఖాతా నుంచి ఆమె చిరునామాను తీయించారు. నియామక పత్రం నేరుగా మెయిల్‌కు వచ్చింది. ఆమె ఇప్పుడు ఆ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. డబ్బాలో కాగితాలను తీసిన వరసలోనే మళ్లీ సర్ది, తువ్వాలలో కట్టి తల్లికిచ్చారు. "ఇది పారెయ్యకు అవ్వా" అంటే, "నాకెరుక సారూ. మీరు చెప్పాల్నా?" అందామె.

ఇదీ నా సవరణ. ఆయన పోస్టుమాస్టర్ కాదు. ఉత్తరాలు వేరు చేసిన మనిషి. చివరి వారం వరకూ అదే పని చేశారు.

ఇంకొక్క సంగతి. నాలుగు రకాల మెయిల్ సర్వీసులకూ పిలుపులు సరిగ్గా పోతున్నాయో లేదో చూడడానికి ఆయన ప్రతి సోమవారం ఉదయం పది గంటలకు ఒక పరీక్ష పెట్టుకున్నారు. ఆ ఆహ్వానంలో నేనున్నాను, నర్సు అమ్మాయి ఉంది, ధరూర్ సంఘం ఉంది. ముగింపు తేదీ పెట్టలేదు. ఈ సోమవారం నేను కలెక్టరేట్ వరండాలో ఉండగా ఫోన్ మోగింది. తెర మీద ఎప్పటి మాటే. 'అందిందా?'

'అవును' అని నొక్కాను. నా పేరు కంటే ముందే అక్కడ రెండు పేర్ల పక్కన గుర్తులు పడి ఉన్నాయి.