గోడలో కలిసిపోయిన పట్టుచీర

ఏడో తరగతి లెక్కల పరీక్షలో ఒక ఇంటి పొడవు, వెడల్పు ఇచ్చి వైశాల్యం కనుక్కోమంటే, "ఆ ఇంటివాళ్లను అడిగితే తెలుస్తుంది" అని రాసి వచ్చినవాణ్ని నేను. మా నాయన ఆ జవాబు చదివి, మర్నాడే నన్ను తెచ్చి బజారులో మా బట్టల కొట్లో కూర్చోబెట్టాడు. అటువంటివాడు సొంత ఇల్లు కట్టాడంటే, అది ఇంకా నిలబడి ఉండడమే వింత.

బంగారు గనులు నడిచిన రోజుల్లో మా కేజీఎఫ్‌లో ఇళ్లకు సోకులు లేవు. ఊరిగాం వైపు గని కూలీల కంపెనీ లైన్లలో ఇళ్లన్నీ యూనిఫాం వేసుకున్న బడిపిల్లల్లా ఒకే పోలిక. పైన రేకు, ముందు తడిక. తాగి వచ్చినవాడు పక్కింట్లో భోంచేసి పడుకున్నా తప్పు అతనిది కాదు. దొరల బంగళాలు మాత్రం ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాల్లా దూరంగా ఉండేవి. గనులు మూసేశాక, తెల్లారకుండానే బెంగళూరు రైలెక్కి సంపాదించుకొచ్చినవాళ్లు ఇళ్లకు కొత్త బట్టలు తొడగడం మొదలుపెట్టారు. ఒక ఇల్లు చిలకపచ్చ, పక్కది వంకాయ రంగు. నాకు బాల్కనీ గ్రిల్లు లేసులా, పిట్టగోడ చీర అంచులా కనబడేవి. బట్టల కొట్టువాడి కళ్లు మరి!

మా ఆవిడ కాపురానికి వచ్చింది మొదలు కొట్టు వెనక రెండు గదుల్లోనే ఉన్నాం. ఆమె కోరిక ఒక్కటే. సొంత ఇంటి ముందు పట్టుచీరతో నిలబడి ఫోటో దిగి, దాన్ని హాల్లో తగిలించాలి. మా ఇంటి గోడలు ఇంకా లేస్తూ ఉండగానే ఆ ఫోటోకు చోటు చూసిపెట్టుకుంది.

రంగులు వేసే వేళ వచ్చింది. మా కొట్లో ఆడవాళ్లు చీర తెచ్చి మ్యాచింగ్ జాకెట్టు గుడ్డ అడిగితే, గుమ్మం దగ్గర ఎండ వెలుతురులో పెట్టి రంగు కలిపిస్తాం. మా ఆవిడా అదే పద్ధతి పట్టింది. గృహప్రవేశానికి కొన్న ఉల్లిపొర రంగు పట్టుచీర సంచిలో పెట్టుకుని రంగుల అంగడికి నడిచింది. ఒళ్లూ అంచూ కొంగూ జాకెట్టూ అంతా ఒకే రంగు. వెనకే నేను.

"అందరూ రంగుల కార్డు చూసి నెంబరు చెప్తారు, మీరు చీరే తెచ్చినారే తల్లీ!" అన్నాడు అంగడాయన.

"మీ కార్డులో యాడుండాదప్పా ఈ రంగు? దీనికి కలిపియ్యి."

ఆయన కలిపిన ప్రతిసారీ గుమ్మంలోకి వచ్చి కొంగు పక్కన పెట్టి చూసింది. "ఇంగ కొంచెం ఎరుపు తగ్గించప్పా" అంటూ ఆయన ఓపిక కూడా తగ్గించింది. చివరికి చీరేదో రంగేదో తెలియకుండా కలిసింది. "జాకెట్టు గుడ్డ కూడా ఇంత బాగా కలవదు!" అని నేను మెచ్చుకున్నాను.

గృహప్రవేశం బాగా జరిగింది. తర్వాత ఫోటోలాయన ఫోటో తెచ్చాడు. గుమ్మం పక్కన నేను స్పష్టంగా ఉన్నాను. నా పక్కన గోడ మీద ఒక నవ్వు ముఖం, కింద రెండు చేతులు, చేతుల్లో హారతి పళ్లెం. మధ్యలో మా ఆవిడ లేదు.

"యాడప్పా నేను?"

"ఉండారక్కా, బాగా చూడండి. ఇదో, మీ హారం."

"హారం కనిపిస్తే నేను కనిపించినట్టా?"

నా నోరు ఊరుకోలేదు. "ఏమ్మే, ఇల్లు నీదనుకున్నా. నువ్వే ఇల్లయిపోయినావే!"

నా జోకులకు ఆమె నవ్వకపోవడం మామూలే. తిట్టకపోవడం మాత్రం అదే మొదలు. నాకు భయం వేసింది.

చీర రంగు కంప్యూటర్లో మార్చేస్తానన్నాడు ఫోటోలాయన.

"ఆ పొద్దు నేను కట్టింది ఇదే చీర. ఇంగో రంగు చూపిస్తే అది నా ఇంట్లో నేను అడుగు పెట్టిన ఫోటో ఎట్లయితాదప్పా?" అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు కొట్లో ముళబాగిలు నుంచి వచ్చిన ఒక పెద్దామెకు చీరలు పరుస్తున్నాను. ఒకదాన్ని పక్కకు తోసి, "ఇదంతా ఒకే రంగుండాది. కొంగు వేరే రంగులో ఉండేది చూపించప్పా" అంది. చేతిలో చీర వదిలేసి ఇంటికి పరిగెత్తాను.

"చీర మార్చొద్దు. గోడకే వేరే రంగు కొంగు వేయిద్దాం!"

"గోడకు కొంగేందప్పా?" అని రంగులేసే ఆయన నవ్వాడు. నెమలికంఠం రంగు చీర ఒకటి తెచ్చి పిట్టగోడ మీంచి గుమ్మం పక్కగా కిందిదాకా వేలాడదీసి చూపించాను. ఆ చీర ఉన్నంత మేరా ఆ రంగే వేశాడు.

మా ఆవిడ మళ్లీ ఉల్లిపొర చీరే కట్టుకుంది. కొత్త మామిడాకులు తెచ్చి తోరణం కట్టింది. గోడ కొంగు ముందు నిలబడింది, పక్కన నేను. ఈసారి ఫోటోలో కుచ్చిళ్ల మడతలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఫోటో తానే తగిలించి, వెనక్కి జరిగి చాలాసేపు చూసుకుంది. ఇప్పుడు మా వీధిలో ఇంకొన్ని ఇళ్లకూ కొంగులున్నాయి.

నేను ఊరుకుంటానా? ఒకరోజు ఆ ఫోటో ముందు నిలబడి మీసం తిప్పాను. అందులో నేను తెల్ల పంచె, తెల్ల చొక్కాలో చేతులు కిందికి వదిలి బిగుసుకుని ఉన్నాను.

"చూసినావా, నా తెలివి వల్ల కనిపించినావు. లేకుంటే వచ్చినోళ్లంతా, ఈయన ఒక్కడే యాల నిలబడినాడని అడుగుతా ఉంటారు."

ఆమె ఫోటో వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"ఇప్పుడు మాత్రం అడగరనుకున్నారా, నా పక్కన ఇదేందని? అడిగితే నేను చెప్తాలెండి. అది మనిషి కాదమ్మా, రంగెయ్యకుండా మిగిలిపోయిన స్తంభం అని."