ఈశాన్యం తెగిన ప్లాటు

కరోనాకు ముందు ఏడాది, బహ్రెయిన్ రాజధాని మనామాలోని ఒక కన్సల్టెన్సీలో సీనియర్ సర్వేయరుగా ఉండగా, రాబోయే రైలు మార్గానికి హద్దులు పాతే పని నాకు అప్పగించారు. రైలు అప్పటికి కాగితం మీదే ఉంది. స్టేషన్ వచ్చే చోట ప్రభుత్వ భూమిని ముందే వ్యాపారులకు లీజుకిచ్చి, ఆ రాబడితో పట్టాలు వేయాలన్నది ఏర్పాటు. మేము ముందు రైలుకు కావలసిన జాగా వదిలి, మిగిలినది ప్లాట్లుగా కొలవాలి. ఎర్ర మేకులు రైలువి, నీలం మేకులు ప్లాట్లవి.

రైలు కారులా మలుపు తిరగలేదు. దాని వంపు పొడవుగా, నిదానంగా సాగాలి. ఆ వంపు ఒక ప్లాటుకు ఈశాన్యం మూలను కోసేసింది. చూడవచ్చిన మన దేశపు వ్యాపారి అక్కడే ఆగి, ఈశాన్యం తెగిన స్థలం తనకొద్దన్నాడు.

మా మేనేజరు ప్రసాదరావు గారిది కాకినాడ; ఆ ప్లాట్ల లీజులు కుదిర్చే బాధ్యత కూడా ఆయనదే. "మూల కాస్త చదరం చేసేయండి మాస్టారూ. రైలొచ్చేసరికి మనలో ఎవరుంటాం ఇక్కడ?" అన్నారు.

నా సహాయకుడు లింగన్నది జగిత్యాల. "దుబాయికొచ్చినా వాస్తు ఇడుస్తలేదు గద సారూ" అని నవ్వాడు. వాళ్ల ఊళ్లో గల్ఫ్ అంతా దుబాయే. నాకు నవ్వు రాలేదు. ఎర్ర మేకు జరిపితే పటం మీద సంతకం పెట్టనన్నాను. మర్నాటి నుంచి నన్ను ఊళ్లోనే సల్మానియా పేటలో కారు పార్కింగు కొలవడానికి పంపి, మేకులు మరొకరి చేత జరిపించి, ప్లాటును ఆ వ్యాపారికే లీజుకిచ్చారు.

కరోనా తగ్గాక డిజైన్ ఇంజినీర్లు వచ్చారు. వాళ్లు గీసిన రైలు గీత సరిగ్గా ఆ వ్యాపారి గోడౌను గోడలోంచి పోయింది. సమావేశంలో ప్రసాదరావు గారు నా వైపు చూస్తూ, సర్వేలో పొరపాటు జరిగిందన్నారు. అది నాదని తేలితే ఉద్యోగం పోతుంది, దాంతోపాటే వీసా. నేను లేచి, మేకు ఎవరు జరపమన్నారో, ఎందుకో చెప్పాను. ప్రభుత్వం తరఫు బహ్రెయినీ ఇంజినీరుకు వాస్తు రెండుసార్లు వివరించాల్సి వచ్చింది.

"ఇంతకీ ఆ మూలలో ఎవరుంటారు?" అన్నాడాయన.

"దేవుడు" అన్నాను.

ఆయన ప్రసాదరావు గారిని అడిగాడు, ఇది నిజమేనా అని. ప్రసాదరావు గారు తల దించుకుని అవునన్నారు.

"ఖలాస్, అయిపోయింది. గోడ తీయండి" అన్నాడు ఇంజినీరు.

గోడ తీశారు. పట్టాల కోసం ఆ ప్లాటు మీద వచ్చిన రాబడి వ్యాపారికి పరిహారంగా పోయింది. ప్రసాదరావు గారు నాకు ఇంతవరకూ క్షమాపణ చెప్పలేదు. పైగా నా పదవీ విరమణ రోజున శాలువా ఆయన చేతే కప్పించారు.

రైలు కోసం భూమిని లీజుకిచ్చేవాళ్లు ముందు రైలుకు చోటు ఖాయం చేయాలి. ఆ హద్దు జరిపే అధికారం లీజులు కుదిర్చేవాళ్ల చేతిలో ఉండకూడదు.