నొక్కుడమ్మ మానుకున్న పాఠం

డాక్టరమ్మకి మెడికల్ కాలేజీ పిల్లలు పెట్టిన పేరు నొక్కుడమ్మ. వార్డులో రోగి పొట్ట మీద విద్యార్థి చెయ్యి పెట్టించి, దాని మీద తన చెయ్యి వేసి, "ఇంకా లోపలికి! కళ్ళు రోగి మొహం మీద ఉండాలిరా, గోడ మీద కాదు" అని వేపుకు తినేది. లివరు అంచు వేళ్ళకి తగిలిందాకా భోజనానికి వదిలేది కాదు. తిట్టుకుంటూనే నేర్చుకునేవాళ్ళు పాపం.

ఆ తర్వాత లైసెన్సు పరీక్ష ఒకటి వచ్చిపడింది. అది గట్టెక్కితేనే వైద్యం చేసే హక్కు. అందులో రోగులుండరు, రోగుల్లా నటించే నిక్షేపంలాంటి మనుషులుంటారు. వాళ్ళ పొట్టలో దొరకడానికి ఏముంటుంది, నా మొహం! పేరు చెప్పుకున్నావా, చేతులు కడుక్కున్నావా, అనుమతి అడిగావా, వీటికే మార్కులు. నటించేవాడు "అబ్బా" అన్నాడో, ఉన్న మార్కులూ గోవిందా. మొదటి ఏడు ఆవిడ పిల్లలు సగం మంది తప్పారు. ప్రిన్సిపాల్ పిలిచి, "మీ చాదస్తానికి పిల్లల బతుకులు బలిపెడతారా?" అన్నాడు. ఆవిడకీ భయం వేసింది. వార్డు మానేసి, రోగుల బదులు బొమ్మలున్న గదిలో తర్ఫీదు మొదలెట్టింది. "వేళ్ళు మెత్తగా ఆనించండి చాలు, నొప్పి పుట్టించకండి" అని వల్లె వేయించింది. మరుసటేడు అందరూ పాసయ్యారు.

కొన్నేళ్ళకి ఆవిడ అక్క, ఆకలి లేదు, పొట్ట బరువుగా ఉందని అదే కాలేజీ ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ దగ్గర చదువుకున్న కుర్ర డాక్టరే చూసి, గ్యాసని మాత్రలిచ్చాడు. మనవాడేగా చూశాడని డాక్టరమ్మ కూడా ఊరుకుంది. నెలలు గడిచి, అక్క చిక్కి సగమైపోయాక గానీ తను చెయ్యి వెయ్యలేదు. కుడిపక్క, పక్కటెముకల కింద, రాయిలాంటి గడ్డ.

అక్కని వెంటబెట్టుకుని ఆ కుర్రాడి దగ్గరికే వెళ్ళింది. "ఆ రోజు ఎలా చూశావో చూపించు" అంది. చేతులు కడుక్కున్నాడు, పేరు చెప్పాడు, అనుమతి అడిగాడు, వేళ్ళు పైపైన ఆనించి తీసేశాడు. వంక పెట్టడానికి లేదు. పరీక్షలో అయితే ఆవిడే నూటికి నూరు వేసేది.

"లోపలికి నొక్కవేంరా?"

"నొప్పి పుడితే మార్కులు పోతాయని మీరే కదా మేడమ్..." అని నాలిక్కరుచుకున్నాడు.

వాడి చెయ్యి పట్టుకుని గడ్డ మీద పెట్టి నొక్కింది. వాడి మొహం పాలిపోయింది. అలాంటిది వాడి వేళ్ళకి తగలడం అదే మొదటిసారి.

ఆపరేషన్‌తో పోయే దశ దాటిపోయిందని సర్జను తేల్చేశాడు. ఇంటికి వస్తూ కారులో డాక్టరమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క వీపు నిమురుతూ, "ఆ అబ్బాయిని ఏమీ అనకే. మొదటిసారి వెళ్ళినప్పుడు ఎంత మర్యాదగా చూశాడనుకున్నావు! పిసరంత నొప్పి కూడా తెలియనివ్వలేదు" అంది.