బాతు కాలి కడియం: సాక్షిని వెంటబెట్టుకుని పోచారం నీళ్ల దాకా

నన్ను మొహం మీద అబద్ధాలకోరు అన్న మగవాడు ఇంతవరకు లేడు. పాట కట్టి అన్న ఆడమనిషి మాత్రం ఒకతె ఉన్నది. ఆమె నా భార్య చెల్లెలు, దోమకొండ నర్సవ్వ. చాలా ఏళ్ల కిందటి మాట. అప్పుడు నేను ఎల్లారెడ్డి అవతల, పోచారం ప్రాజెక్టు నీళ్లకు దగ్గరగా సేద్యం చేసుకునేవాణ్ణి. చలికాలం ఒక పొద్దున మా శనగ చేనులో పెద్ద బాతులు దిగాయి. తెల్ల తల, తల వెనక రెండు నల్ల పట్టెలు. అందులో ఒకదాని కాలికి కడియం ఉంది. ఎండ పడి తళుక్కుమంది. నా కళ్లతో చూశాను. ఆ వెంటనే చుట్టాల పెళ్లికి పోయి అక్కడ చెప్పాను. మా దిక్కు పెళ్లిళ్లలో మగవాళ్లు బంతిలో కూర్చుని తింటుంటే ఆడవాళ్లు వరుసైన వాళ్ల పేరు పెట్టి ఎగతాళి పాటలు పాడతారు. నర్సవ్వ నిలబడ్డ చోటనే కట్టింది: "బాతు కాలికి కడెమంటా, మా బావ కండ్లకు పొరలంటా." బంతి బంతంతా నవ్వింది. వడ్డించేవాడు పప్పు గరిటె పట్టుకుని మరీ నవ్వాడు.

అది ఆ పూటతో పోలేదు. ఆ తర్వాత ఏ చుట్టాల పెళ్లికి పోయినా నేను విస్తరి ముందు కూర్చోవడం, ఆ పాట లేవడం. మొన్నామధ్య నిజంగానే కంట్లో శుక్లం వస్తే కామారెడ్డిలో ఆపరేషన్ చేయించుకున్నాను. నర్సవ్వ పండ్లు పట్టుకుని చూడడానికి వచ్చి, నా పాట ఊరికే పోలేదు బావ అని పోయింది. ఇప్పుడు ఫాల్గుణంలో ఆమె మనవడి పెళ్లి. ఇంట్లో ఆడపిల్లలకు పాటలు నేర్పుతున్నదని, మొదట నేర్పింది నా పాటేనని నా చెవిన పడింది. ఇంకో తరం నోట్లో పడితే అదే నా పేరు అయిపోతుంది. నేను పోయాక కూడా పాడతారు, అప్పుడు కాదని చెప్పడానికి నేనుండను.

ఈ పుష్యమాసంలో పోచయ్య ఫోన్ చేశాడు. మోకాళ్లు అరిగి నేను పొలం కౌలుకిచ్చి కామారెడ్డిలో బిడ్డ దగ్గరికి వచ్చేశాను గానీ, అతను ఇంకా నా పక్క చేనులోనే ఉన్నాడు. "గంగన్నా, బాతులొచ్చినయ్. పిట్టలకు కడాలు తొడిగేటోళ్లు గూడ వచ్చిన్రు. నువ్వు చెప్తే నవ్వితిమి గదా, వచ్చి చూడు" అన్నాడు. నేను ఒక్కణ్ణే పోయి చూసి వస్తే ఏం లాభం? మళ్లీ నా మాటే, మళ్లీ ఆమె పాటే. అందుకని దోమకొండకు ఫోన్ చేసి నర్సవ్వను రమ్మన్నాను. రాకపోతే భయపడ్డదనుకుంటా అన్నాను. మరునాడే సంచి సర్దుకుని మా ఇంట్లో దిగింది.

కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి తెల్లవారుజామునే బస్సు ఉంటుంది. ఈ ప్రయాణం చేయాలనుకునే వాళ్లు మొదటి బస్సే పట్టుకోండి. ఎండ ఎక్కితే పిట్టలు నీడకు పోతాయి, వలలు చుట్టేస్తారు. చలి గట్టిగా ఉంది, అద్దాలు సరిగ్గా మూసుకోని సీటు మా వంతుకు వచ్చింది. ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, కండక్టరు నర్సవ్వ ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్ కొట్టి, నా దిక్కు చెయ్యి చాపాడు. "నిజం చెప్పేటోళ్లను సర్కారు పైసల్లేకుండ తీస్కపోతది బావ" అన్నది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. లింగంపేట దాటాక మంచు విచ్చుకుంది, నాట్లు పడ్డ మడుల మీద కొంగలు కనబడ్డాయి. అవి ఎగరడం నేను చూస్తున్నాను, నేను చూడడం ఆమె చూస్తున్నది.

బస్సు ప్రయాణం గంటన్నర లోపే. ఎల్లారెడ్డి బస్టాండు బయట చాయ్ తాగి ఆటో మాట్లాడుకున్నాం. ఆటో నడిపే ఆయన పేరు జహంగీర్, నా కొడుకు వయసు వాడు. పోనురాను కలిపి, అక్కడ మధ్యాహ్నం దాకా ఆగేటట్టు ముందే మాట్లాడుకోవాలి. లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు ఆ మట్టి బాటలో మీకు మనిషి దొరకడు. ఎందుకు పోతున్నారని అడిగితే పిట్టలకు కడియాలు తొడిగేది చూడడానికి అన్నాను. జహంగీర్ ముందటి అద్దంలో నా మొహం చూశాడు. తర్వాత అన్నాడు: "వెండి ధర చూసిన్రా కాకా? మా ఇంట్ల పిల్లకు తొడుగుదామంటేనే అయితలేదు, పిట్టలకు ఎవరు పెడ్తున్నరు?" నర్సవ్వకు ఒక తోడు దొరికినట్టయింది. ఇద్దరూ కలిసి బాట పొడుగునా నవ్వుకున్నారు.

పోచయ్య శనగ చేను నీళ్లకు ఆనుకునే ఉంటుంది. ప్రాజెక్టులో నీళ్లు తగ్గినకొద్దీ భూమి బయటపడుతుంది, ఆ తడి మీదనే శనగ వేస్తారు. ఆటో గట్టు మీద ఆగగానే చూశాను. చేనులో బాతులు, మంద మంద. నా బాతులే. అవే పట్టెలు, అదే నడక. కాస్త అవతల తుమ్మ చెట్టు చాటున ఒక చిన్న గుంపు మనుషులు ముక్కాలి మీద పెట్టిన పెద్ద దుర్బిణీకి కళ్లు ఆనించి, ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు. వాళ్లలో ఒకామె మమ్మల్ని చూసి నోటి మీద వేలు పెట్టుకుంది. అది నేను చూశాను. చూసి కూడా, బాతులు శనగ మొక్క కొనలు తుంపుతుంటే నా ఒళ్లు నా మాట వినలేదు. నలభై ఏళ్లు చేను కాపలా కాసిన ఒళ్లు అది. రెండు చేతులు ఎత్తి చప్పట్లు కొట్టి "హో... హోయ్!" అని గొంతెత్తాను. గట్టు అదిరింది. మంద అంతా ఒక్కసారి లేచి, అరుచుకుంటూ, నీళ్ల మీదుగా అవతలి ఒడ్డుకు పోయింది.

దుర్బిణీ దగ్గర తలలన్నీ నా దిక్కు తిరిగాయి. పోచయ్య మాత్రం చేను మధ్యలోంచి "మంచిగ తోలినవన్నా, పొద్దుగాల్నుంచి తింటున్నయి" అని కేక వేశాడు. నర్సవ్వ కొంగు నోట్లో కుక్కుకున్నది. నవ్వు ఆగాక, నెమ్మదిగా, ఒక్కో మాట పేర్చి అన్నది: "సాక్ష్యం చూపిస్తనని తోల్కొచ్చి, ఆ సాక్ష్యాన్నే తోలేస్తివి గదా బావ. ఇంకో చరణం అయితది ఇది."

నాకు ఆటో ఎక్కి ఇంటికి పోదామనిపించింది. కానీ వేలు అడ్డం పెట్టుకున్న ఆమె, ఆ గుంపుకు పెద్ద, అనురాధ మేడం, మా దగ్గరికి వచ్చింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. కొంచెం కోప్పడింది కూడా. తర్వాత, పొద్దున మేత మేసిన బాతులు ఎట్లాగూ మధ్యాహ్నం విశ్రాంతికి ఇవతలి ఇసుక మేటకే వస్తాయని, అంతదాకా ఉండమని, అయితే చేతులు కట్టుకుని ఉండమని చెప్పింది. అటవీ శాఖ అనుమతితో వాళ్లు ఏటా చలికాలం చిన్న పిట్టలకు కడియాలు వేస్తున్నారట. ముందుగా ఫోన్ చేసి చెబితే చూడనిస్తారు. కట్టిన తాడు దాటకూడదు.

తాడు బయట నిలబడి చూశాం. తుంగ పక్కన వల కట్టి ఉంది. అది ఎంత సన్నం అంటే, నర్సవ్వ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టి చూసి, పెళ్లికూతురి ముసుగు కన్నా పలచగుందన్నది. అందులో పడ్డ పిట్టను మేడం ఒడుపుగా విడదీసి గుడ్డ సంచిలో వేసి తూచింది. రెక్క కొలిచింది. తోక ఊపుతూ నడుస్తుందే, పసుపు పొట్టది, అది. పుస్తకాల్లో జిట్టంగి అంటారని చెప్పింది. పిట్ట మెడ రెండు వేళ్ల నడుమ ఉంది, వెల్లకిలా పడుకుని కిక్కురుమనకుండా చూస్తోంది. చిన్న పటకారుతో కాలికి కడియం వేసి నొక్కింది. బియ్యపు గింజ పాటిది, మీద అంకెలు. అది ఇంకో దేశంలో ఎవరి చేతికైనా దొరికితే, ఎక్కడినుంచి బయల్దేరిందో ఆ అంకెలు చెబుతాయట.

"నొయ్యదా బిడ్డా?" అని అడిగింది నర్సవ్వ. నొప్పి ఉండదని, బరువు కూడా తెలియదని మేడం అన్నది. నర్సవ్వ తన కాళ్ల దిక్కు చూసుకున్నది. చిన్నప్పుడు వాళ్ల అవ్వ కడియాలు తొడిగితే ఆ బరువుకు మూడు రోజులు నడవనని ఏడ్చిందట. ఇన్నేళ్లలో ఆ సంగతి నేను వినడం అదే మొదటిసారి. మేడం తాడు దాకా వచ్చి పిట్టను నా అరచేతిలో పెట్టింది. గుండె కొట్టుకోవడం చేతికి తెలుస్తూనే ఉంది. వేళ్లు విప్పగానే ఎగిరింది. నేను నర్సవ్వ మొహంలోకి చూశాను. "జిట్టంగికి ఏసిన్రు, చూసిన. నువ్వు చెప్పింది బాతు గదా" అన్నది. ఆమెతో గెలవడం అంత సులభం అయితే ఇన్నేళ్లు పట్టేదా.

పోచయ్య ఇంటినుంచి జొన్న రొట్టెలు, ఉడకబెట్టిన అనపకాయలు వచ్చాయి. అందరం చెట్టు కింద కూర్చుని తిన్నాం, జహంగీర్ కూడా. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు అవతలి ఒడ్డునుంచి గుంపులు గుంపులుగా బాతులు రావడం మొదలైంది. ఇసుక మేట మీద దిగి, ఒంటికాలి మీద నిలబడి, మెడ వెనక్కి తిప్పి కునుకు తీశాయి. నేను చేతులు కట్టుకుని, ఆ పైన పళ్లు కూడా బిగించుకుని కూర్చున్నాను. ఒంటికాలి మీద నిలబడ్డ బాతుకు రెండో కాలు ఈకల్లో దాగి ఉంటుంది. అది కాలు దించేదాకా ఎంతటివాళ్లకైనా కనబడదు. మేడం దుర్బిణీని ఒకటి తర్వాత ఒకటి బాతు మీదికి తిప్పుతూ పోయింది. లేదు. లేదు. నర్సవ్వ అనపకాయ తొక్కలు ఏరి ఒకచోట పెడుతూ సన్నగా ఏదో రాగం తీస్తున్నది. ఏ పాటో నాకు తెలుసు.

ఉన్నట్టుండి మేడం చెయ్యి ఎత్తింది. దుర్బిణీ కదలకుండా నిలిపి నన్ను పిలిచింది. ఆపరేషన్ అయిన కన్నే ఆనించాను. ఒక ముసలి బాతు రెండు కాళ్లూ దించి ఒళ్లు విరుచుకుంటోంది. కుడికాలికి కడియం ఉంది. తళుక్కుమంది, ఆనాడు మెరిసినట్టే. అది తాము వేసింది కాదని, ఇక్కడెవరూ బాతులకు వేయలేదని, మంచు కొండల అవతల అది గుడ్లు పెట్టే దేశంలో వేసి ఉంటారని మేడం చెబుతోంది. నాకు సగమే వినబడింది. లేచి నిలబడి, నోరు మాత్రం తెరవకుండా, నర్సవ్వకు దుర్బిణీ చూపించాను.

ఆమె చాలాసేపు చూసింది. జహంగీర్ నాకూ చూపించండి అంటున్నా జరగలేదు. కన్ను తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టింది. నా దిక్కు తిరగకుండానే అన్నది: "కడెమే బావ. నువ్వు చెప్పింది నిజమే."

ఆ మాట మేడం విన్నది, పోచయ్య విన్నాడు, జహంగీర్ విన్నాడు. పోచయ్య వచ్చి నా వీపు మీద చరిచాడు. ఆపరేషన్ అయ్యాక డాక్టరు కట్టు విప్పిననాడు కూడా లోకం నాకంత తేటగా కనబడలేదు.

తిరుగు బస్సులో అసలు సంగతి ఎత్తాను. నిజమని ఒప్పుకున్నావు కదా, పాట తీసేయమన్నాను. ఆమె ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నట్టు జవాబిచ్చింది. "పాట నిజం కోసం గాదు బావ, నవ్వు కోసం. ఇన్నేండ్ల పాట ఇడిచిపెడితే పెండ్లిల నీకేం పాడాలె? ఊకె బువ్వ తిని పోతవా?" తీయనంటే మార్చమన్నాను. ఎట్లా మార్చాలో కూడా నేనే చెప్పాను: "బాతు కాలికి కడెం నిజమే, మా మరదలి కండ్లకే పొరలంటా." ముందు సీట్లో ఆడవాళ్లు వెనక్కి తిరిగి నవ్వారు. నర్సవ్వ నవ్వలేదు, పెదవులు కదిపి రాగంలో కుదురుతుందా లేదా చూసుకున్నది. కామారెడ్డిలో దిగి, దోమకొండ బస్సెక్కుతూ, "సోచాయించి చెప్తా" అని, ఆలోచనకు గడువు అడిగి పోయింది.

నాకు సంతకం చేయడం, బస్సు బోర్డు చదవడం తప్ప చదువు లేదు. నేను చెబుతుంటే నా బిడ్డ ఫోన్‌లో టైపు కొడుతున్నది. చదువు లేని మాట గాలికి పోతుందని చాలామంది అనుకుంటారు. నా మాట ఇన్నేళ్లు గాలిలోనే ఉంది, నిజమే. ఆ బాతులు కూడా గాలిలోనే ఉంటాయి, మంచు కొండలు దాటి పోతాయి, మళ్లీ అదే శనగ చేనుకు వస్తాయి. కళ్లతో చూసిన దాన్ని నవ్వులకు భయపడి చూడలేదని చెప్పకండి. నేను అట్లా చెప్పలేదు, అందుకే ఈ రోజు నాకు దక్కింది. ఇక పోయేవాళ్లకు ఒక్క జాగ్రత్త: పుట్టుక రైతు పుట్టుక అయితే, గట్టు మీద ఆటో దిగకముందే చేతులు జేబుల్లో పెట్టుకోండి, నోట్లో అనపగింజలు పోసుకోండి. బాతు మధ్యాహ్నానికి తిరిగొచ్చింది కాబట్టి నేను బతికాను. మీకు రాకపోవచ్చు.

నర్సవ్వా, ఇది నీకు నీ మనవరాలు చదివి వినిపిస్తుంది. పెళ్లి పసుపు కొట్టేలోపు ఆడపిల్లలు కొత్త చరణం నేర్చుకోవాలి. మాఘ పౌర్ణమి పొద్దు గుంకేలోపు నాకు జవాబు చెప్పు. రాకపోతే బంతిలో విస్తరి ముందునుంచి లేచి నేనే పాడతాను. నా గొంతుకు మంద మందే లేచిపోయింది, నీ కళ్లతో చూశావు.